సరస్సు మీద చిన్న పడవలో చేపల వేట: లోపలికి నీరు చేరకుండా, చేరితే మునగకుండా

చిన్న పడవ మునగడం చాలాసార్లు చప్పుడు లేకుండా మొదలవుతుంది. కెరటం వచ్చి మీద పడడం, పడవ బోల్తా కొట్టడం చివరి ఘట్టం. దానికి అరగంట ముందే అడుగు పలకల కింద నాలుగైదు బకెట్ల నీరు చేరి ఉంటుంది. గాలం మీదే కన్ను వేసుకుని కూర్చున్నవారికి అది కనిపించదు. ఈత ఎలా కొట్టాలి, ఎవరిని పిలవాలి అన్నవి తరువాతి ప్రశ్నలు. ఆ మొదటి నాలుగు బకెట్లు ఎక్కడినుంచి వచ్చాయి, వాటిని ఎంత త్వరగా గమనించాం అన్నదే అసలు విషయం.

పడవ పని తెలిసినవాళ్లు ముందు భాగాన్ని అణియం, వెనుక భాగాన్ని అమరం అంటారు. పొట్టి మాటలు కాబట్టి ఇక్కడ అవే వాడతాను.

ముందు కాస్త లెక్క

లీటరు నీరు కిలో బరువు. పడవలో పది బకెట్ల నీరు చేరిందంటే వంద కిలోల మనిషి చెప్పకుండా ఎక్కి కూర్చున్నట్టే. ఆ మనిషైనా నయం, కూర్చున్నచోట కూర్చుంటాడు. నీరు పడవ ఎటు ఒరిగితే అటు పరుగెత్తి, ఆ ఒరుగును ఇంకా పెంచుతుంది. అంతే బరువున్న ఇసుక బస్తాలను అడుగున సర్ది కట్టేస్తే పడవ స్థిరపడుతుంది, అదే బరువు నీరైతే అస్థిరపడుతుంది.

నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు ఉన్న పడవ సుమారు 40-45 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున నీటిలోకి దిగుతుంది. ఆ లెక్కన వంద లీటర్లకు రెండున్నర సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ నీరు పడవంతా సమంగా పరుచుకోదు. ఇంజను, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, నడిపే మనిషి అందరూ అమరం దగ్గరే ఉంటారు. పల్లం అటే కాబట్టి నీరూ అక్కడికే చేరుతుంది. ఇంజను బిగించడం కోసం వెనుక పలకను కోసి తగ్గించిన చాలా పడవల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న అంచు కూడా అదే. అంచు దిగేకొద్దీ చిన్న అల కూడా లోపలికి దూకుతుంది. నీరు నీటిని పిలుస్తుంది. కింద చెప్పిన పనులన్నీ ఆ మొదటి పిలుపును ఆపడానికే.

1. ముందురోజు, ఒడ్డున

పడవ నేల మీదో బండి మీదో ఉన్నప్పుడే చిల్లులు వెతకాలి. దీనికి నాకు తెలిసిన తేలిక పద్ధతి తలకిందుల పద్ధతి: లోపల చేరిన నీరు ఒడ్డున వదిలేయడానికి అమరం అడుగున ఉండే రంధ్రానికి బిరడా బిగించి, పడవ లోపల నాలుగైదు బకెట్ల నీరు పోసి, కిందకు వంగి బయటివైపు చూడండి. లోపలినుంచి ఎక్కడ చెమ్మ ఊరితే నీటిలో ఉన్నప్పుడు అక్కడినుంచే లోపలికి వస్తుంది. ఆ చోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. పడవ నిండా మాత్రం పోయకండి. ఆ బరువు మోయడానికి పడవ అడుగునూ బండినీ కట్టలేదు.

అల్యూమినియం పడవలో రివెట్ల వరుసలు, అతుకుల మూలలు చూడాలి. ఫైబర్ పడవలో వెనుక పలక చుట్టూ, ఇంజను బోల్టుల దగ్గర, నీటి కింద చేపల జాడ చూపే యంత్రం లాంటి పరికరాలు బిగించడానికి ఎప్పుడో వేసి వదిలేసిన స్క్రూ రంధ్రాల దగ్గర చూడాలి. పాత యజమాని ఏదో బిగించి, ఏదో తీసేసి, రంధ్రం మాత్రం వారసత్వంగా ఇచ్చి వెళ్లడం మామూలే. చెక్క పడవ సంగతి వేరు. నెలల తరబడి ఎండిన చెక్క ముడుచుకుపోయి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఒకటి రెండు రోజులు ఒడ్డున నీటిలో కట్టి ఉంచితే పలకలు ఉబ్బి చాలా సందులు వాటంతట అవే మూసుకుంటాయి. ఎండిన చెక్క పడవను దింపిన గంటలోనే సరస్సు మధ్యకు తీసుకెళ్లడం తెలివైన పని కాదు.

చేపలను బతికించి ఉంచే నీటి తొట్టి ఉంటే దాని గొట్టాలను ఒక్కొక్కటిగా చేత్తో లాగి చూడండి. సరస్సు నీటిని పడవలోకి తెచ్చే పంపు అది. బిగింపు పట్టీ వదులై గొట్టం ఊడితే అదే పంపు తొట్టిని వదిలేసి పడవను నింపుతుంది. తొట్టిలోంచి పొర్లిన నీరు బయటకు పోయే దారిలో పొలుసులు, నాచు అడ్డుపడినా ఫలితం అంతే. పెద్ద అలలు చూసి జాగ్రత్తపడేవాళ్లు కూడా ఈ తొట్టిని అనుమానించరు.

పడవ గోడల మధ్య, బల్లల కింద తేలడానికి నింపిన నురుగు దిమ్మలు ఉంటే వాటినీ తాకి, నొక్కి చూడండి. ఏళ్లు గడిచాక అవి నీరు పీల్చుకుంటాయి. తేల్చాల్సిన దిమ్మే అప్పుడు బరువవుతుంది. ఎండలో పెట్టినా పడవ నిరుటికన్నా బరువుగా తోస్తుంటే అనుమానం మొదట వాటి మీదకే పోవాలి.

2. బిరడా

అన్ని లోపాలనూ ఒక పక్కన, బిరడా పెట్టడం మరిచిపోవడాన్ని మరో పక్కన ఉంచితే నేను రెండోదానికే ఎక్కువ భయపడతాను. ఒకసారి నేనే ఆ పని చేశాను. పది నిమిషాలు హాయిగా పడవ నడిపి, నచ్చిన చోట ఇంజను ఆపి, గాలానికి ఎర గుచ్చుతుండగా చీలమండలకు చల్లగా తగిలింది.

ఆ పది నిమిషాలూ నీరు ఎందుకు రాలేదంటే, పడవ వేగంగా పోతున్నప్పుడు అమరం కింద నీరు వేగంగా వెనక్కి జారిపోతూ రంధ్రంలోని నీటిని బయటికే లాగుతుంది. ఆగిన క్షణంలో ప్రవాహం తిరగబడుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రం నీటిమట్టానికి 15 సెంటీమీటర్ల లోతున ఉంటే నిమిషానికి దాదాపు 30 లీటర్లు లోపలికి వస్తాయి. ఒక గాలం విసిరి, ఓ ఐదు నిమిషాలు తేలిక బెండు వైపు చూస్తూ కూర్చుంటే 150 కిలోలు. నీరు ఎక్కుతున్నకొద్దీ పడవ దిగి, రంధ్రం ఇంకా లోతుకు పోతుంది.

బిరడాను ఇంజను తాళంచెవి ఉన్న తాడుకే కట్టి ఉంచండి. బిరడా చేతిలోకి రాకుండా తాళంచెవి రాదు. చుక్కాని పట్టేవాడి జేబులో రెండోది ఉండాలి. రబ్బరు బిరడా బీటలు వారితే, ఇత్తడి బిరడా మరలు అరిగితే మార్చేయడమే, అతికించడం వద్దు. పడవను దింపిన తరువాత ఒడ్డునే రెండు నిమిషాలు ఆగి అడుగు పలక ఎత్తి చూడడం అలవాటు చేసుకుంటే, మరిచిన బిరడా మోకాలి లోతు నీటిలోనే బయటపడుతుంది.

3. బరువు

పడవ మీద తయారీదారు బిగించిన బరువు పలక ఉంటే అందులోని సంఖ్యే తుది మాట. పలక లేని మామూలు పడవకు (రెండు పడవలు జోడించినట్టుండే జంట పడవకు కాదు) ఒక స్థూల లెక్క వాడుకలో ఉంది: పొడవును, వెడల్పును అడుగుల్లో గుణించి 15తో భాగించాలి. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే నలుగురికి కొంచెం పైన వస్తుంది, అంటే నలుగురే. ఇది నిశ్చలమైన నీటికి, దాదాపు 70 కిలోల మనుషులకు వేసిన లెక్క. ఇద్దరు భారీ మనుషులు, ఐసు పెట్టె, లంగరు, 60 లీటర్ల చేపల తొట్టి ఉన్నప్పుడు ఒకరిని ఒడ్డునే వదిలేయండి. నిండుగా ఉన్న ఆ తొట్టే దాదాపు ఒక మనిషి బరువు.

అందరూ ఎక్కి కూర్చున్నాక వెనుక పలక దగ్గర నీటిమట్టం నుంచి అంచు దాకా జానెడు ఎత్తైనా కనబడకపోతే బయలుదేరవద్దన్నది నేను పెట్టుకున్న నియమం. బరువైనవి అడుగున, మధ్యలో ఉండాలి. బ్యాటరీని పట్టీతో కట్టి, అడుగు నుంచి కాస్త ఎత్తున పెట్టండి. నీరు చేరినప్పుడు మొదట మునిగేది బ్యాటరీ అయితే పంపు, ఇంజను రెండూ దానితోపాటే పోతాయి.

4. వెంట ఉండాల్సినవి

నీళ్లు తోడే బకెట్. తరువాతే మిగతావన్నీ. పది లీటర్ల బకెట్‌తో సగం సగం తోడినా నిమిషానికి పదిసార్లు ఎత్తిపోస్తే 50 లీటర్లు పోతాయి. బిరడా లేని రంధ్రాన్ని అది గెలుస్తుంది. ఆ వేగంతో ఒక మనిషి కొద్ది నిమిషాలే తోడగలడు, అలసిపోతాడు. కాబట్టి తోడడం రంధ్రం మూసేదాకా సమయం కొనడానికే. ఇరుకు మూలల కోసం పిడి ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి ఉంచుకోండి. రెండింటినీ తాడుతో పడవకు కట్టండి. కట్టని బకెట్ అవసరమైన సమయానికి పడవ పక్కన తేలుతూ పోతుంటుంది.

అడుగు నీటిని తోడే కరెంటు పంపు మంచిదే, కానీ దాని మీద రాసిన అంకెను నమ్మకండి. గంటకు 1,900 లీటర్లు అని రాసి ఉంటే అది నిమిషానికి 32 లీటర్లు. గొట్టం పైకెక్కే ఎత్తు, వంపులు, దిగిపోయిన బ్యాటరీ కలిస్తే అసలు పోసేది చాలా తక్కువ. అంటే బిరడా లేని ఒక్క రంధ్రం ముందు ఆ పంపు ఒంటరిగా ఓడిపోతుంది. నీరు పెరిగితే తనంతట తాను తిరిగే పంపు అయితే దాని చప్పుడు వినండి. ఉదయం గంటకోసారి తిరిగింది మధ్యాహ్నం పది నిమిషాలకోసారి తిరుగుతుంటే పడవలో ఎక్కడో కొత్త దారి తెరుచుకుంది. బయలుదేరే ముందు తేలే మీటను చేత్తో ఎత్తి పంపు పని చేస్తోందో లేదో చూసుకోవాలి.

వీటితోపాటు రకరకాల మందాల మెత్తని చెక్క మేకులు, పాత గుడ్డలు, నీటిలో గట్టిపడే ఎపాక్సీ ముద్ద, కత్తి, తెడ్లు, ఈల, నీరు చొరని సంచిలో ఫోను ఉండాలి. లైఫ్ జాకెట్ సంచిలో ఉండకూడదు, ఒంటి మీద ఉండాలి. నీరు నిండుతున్న పడవలో నిలబడి జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో ఒడ్డున ఊయల బల్ల మీద నిలబడి ప్రయత్నిస్తే తెలుస్తుంది. జాకెట్ తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతారు: 50 న్యూటన్ల రకం ఈత వచ్చినవారికి, సాయం దగ్గరలో ఉన్నచోటికి మాత్రమే. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్ల రకం కావాలి.

5. గాలి చూసి బయలుదేరడం

సరస్సు అలలు పొట్టివి, నిటారువి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. లోతు తక్కువైతే గాలి లేచిన కొద్దిసేపటికే లేస్తాయి. గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటాక అక్కడక్కడ తెల్లని నురుగు కనిపిస్తుంది, 20 దాటితే ఎటు చూసినా నురుగే. చిన్న పడవకు మొదటిది హెచ్చరిక, రెండోది ఇంటికి దారి.

మోసం చేసేది ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలి. మీరు నిలబడ్డ చోట నీరు అద్దంలా ఉంటుంది. గాలి నీటి మీద ఎంత దూరం పరుగెడితే అలలు అంత పెరుగుతాయి కాబట్టి కష్టమంతా అవతలి ఒడ్డున దాగి ఉంటుంది. పైగా తిరిగి రావడం గాలికి ఎదురు. అలాంటి రోజు గాలి వచ్చేవైపు ఒడ్డు పక్కనే వేటాడితే సరిపోతుంది.

మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే గాలాలు చుట్టేయండి. వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పై కప్పు లేని నాలుగు మీటర్ల పడవలో 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే వంద లీటర్లకు పైగా నీరు చేరుతుంది.

ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పండి.

6. నీటి మీద ఉన్నంతసేపూ

లంగరు అణియం నుంచే వేయాలి. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాయదగ్గది. అమరం నుంచి లంగరు వేస్తే పడవలో అన్నిటికన్నా బరువైన, పొట్టి అంచున్న భాగం అలలకు ఎదురుగా నిలుస్తుంది. తాడు దాన్ని కిందకు పట్టి ఉంచడం వల్ల అల వచ్చినప్పుడు అది పైకి లేవలేదు, అల నేరుగా లోపలికి వస్తుంది. రెండు మూడు అలలు చాలు. తాడు కూడా లోతుకు కనీసం ఐదు రెట్లు, గాలి ఉంటే ఏడు రెట్లు వదలాలి. పొట్టి తాడు అణియాన్ని కూడా కిందకు లాగుతుంది. లంగరు రాళ్లలోనో మునిగిన చెట్టు మోడులోనో ఇరుక్కుంటే ఇంజను బలంతో లాగవద్దు. తాడు కోసేయండి. లంగరు మళ్లీ కొనుక్కోవచ్చు.

వేగంగా పోతూ ఒక్కసారిగా ఇంజను తగ్గిస్తే మన పడవ లేపిన అలే వెనుకనుంచి వచ్చి వెనుక పలక దాటుతుంది. మెల్లగా తగ్గించాలి. అలలున్నప్పుడు పడవను వెనక్కి నడపడం కూడా అమరంతో నీళ్లు తోడుకోవడమే. పెద్ద పడవ పక్కనుంచి పోతే వేగం తగ్గించి, అణియాన్ని దాని అలలకు కాస్త ఏటవాలుగా తిప్పి దాటండి. పక్క తగలనివ్వకండి. అలలు వెనుకనుంచి తరుముతున్నప్పుడు మాత్రం మరీ నెమ్మది కూడా ప్రమాదమే. అల మనల్ని దాటి వచ్చేలా కాకుండా, మనం ముందున్న అలలోకి దూసుకుపోయేలా కాకుండా, దాని వీపు మీద ఉండేలా వేగం సరిచేసుకోవాలి.

ఇక పెద్ద చేప పడే క్షణం. ఒకరు గాలం కర్రతో లాగుతారు, ఒకరు చేతివల పట్టుకుని వంగుతారు, మూడోవాడు చూడడానికి లేస్తాడు. ముగ్గురూ ఒకే పక్కన. అడుగున ఉన్న నీరు కూడా అటే పరుగెత్తుతుంది. చేపను చూడడానికి లేచే ఆ మూడోవాడిని అవతలి పక్కన కూర్చోబెట్టడం పడవ నడిపేవాడి పని, అతను ఎంత నొచ్చుకున్నా సరే. పడవ అంచున నిలబడి మూత్రవిసర్జన చేయడం కూడా అలాంటిదే. దాని కోసం ఒక డబ్బా పెట్టుకుంటే సిగ్గు తప్ప నష్టం లేదు.

ప్రతి అరగంటకూ ఒకసారి అడుగు పలక ఎత్తి చూడండి. ఈలోపు పడవే కొన్ని సంగతులు చెబుతుంటుంది. ఒరిగిన పడవ తిరిగి లేవడానికి మునుపటికన్నా ఎక్కువసేపు తీసుకోవడం, ఇంజను అదే తిప్పుకు తక్కువ వేగం రావడం, అణియం ఆకాశం వైపు లేచి ఉండడం, అడుగున గలగల చప్పుడు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గాలం పక్కన పెట్టేయాలి. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టమన్నారు.

7. నీరు కనిపించింది, ఇప్పుడు?

మొదట అందరి జాకెట్లు, పట్టీలు బిగించి ఉన్నాయో లేదో చూసి, అందరినీ మధ్యలో కిందకు కూర్చోబెట్టండి. వెంటనే ఒకరు తోడడం మొదలుపెట్టాలి, పంపు వేయాలి, మరొకరు కారణం వెతకాలి. ఇద్దరూ వెతుకుతూ కూర్చుంటే పడవ నిండిపోతుంది. ఇద్దరూ తోడుతూ ఉంటే అలసిపోతారు. ఒంటరిగా ఉంటే పంపు వేసి ముందు కారణం వెతకండి.

వెతికే వరుస: బిరడా, చేపల తొట్టి పంపు, దాని గొట్టాలు, వెనుక పలక మీదుగా దూకుతున్న అలలు, చివరగా అడుగున దెబ్బ. తొట్టి మీద అనుమానం ఉంటే పంపు మీట ఆపేసి, వచ్చే దారికి కవాటం ఉంటే అదీ మూసేయండి. అలలే కారణమైతే అణియాన్ని గాలికి తిప్పి, ఒక మనిషినో బరువునో అమరం నుంచి మధ్యకు జరపండి. తొట్టి నిండా నీరుంటే దాన్నీ బయటకు పోయండి. అప్పటిదాకా పట్టిన చేపలు పోతాయని సందేహించే వేళ అది కాదు.

గుండ్రని రంధ్రానికి గుడ్డ చుట్టిన చెక్క మేకు దిగేస్తే చాలు, నానిన చెక్క ఉబ్బి ఇంకా బిగుస్తుంది. చీలికైతే గుడ్డ కుక్కి, మీద గట్టిగా ఏదైనా పలక అదిమి, కాలితో తొక్కిపట్టాలి. చీలిక ఒక పక్కన ఉంటే మనుషులు నెమ్మదిగా రెండో పక్కకు జరిగి ఆ చోటును నీటిమట్టం పైకి తేవచ్చు. చేతికి అందని చోటైతే బయటినుంచి తార్పాలిన్‌ను ఆ చిల్లు మీదుగా లాగి కట్టండి. బయటి నీరే దాన్ని చిల్లుకు అదిమి పెడుతుంది. నీరు పూర్తిగా ఆగాల్సిన పని లేదు. వచ్చేదానికన్నా తోడేది ఎక్కువైతే గెలిచినట్టే.

బిరడా ఊడిపోయి, దొరకక, మూయడానికి ఏమీ లేకపోతే, పడవలో ఇంకా నీరు తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే వేగంగా నడపడం పనికొస్తుంది. పైన చెప్పినట్టు పరుగులో రంధ్రం నీటిని బయటికి లాగుతుంది. ఆగకుండా నేరుగా లోతులేని ఒడ్డుకు పోయి ఎక్కించేయాలి. నీరు ఎక్కువైన పడవ వేగమే అందుకోదు. బలవంతం చేస్తే నీరంతా అమరానికి పరుగెత్తి వెనుక పలక మునుగుతుంది.

ఒడ్డు అంటే మీరు బయలుదేరిన ఒడ్డే కానక్కర్లేదు. దగ్గరలో ఇసుకో బురదో ఉన్న ఏ ఒడ్డైనా సరే. మోకాలి లోతులో నేలకు ఆనిన పడవ ఇంక మునగడానికి చోటు లేదు. నీరు తగ్గడం లేదని రెండు నిమిషాల్లో తేలిపోతే సాయానికి ఫోను చేయండి. ఫోను తడవక ముందే, చేతులు వణకక ముందే.

8. పడవ నిండిపోతే

పడవను వదలకండి. తేలే దిమ్మలున్న పడవ, చెక్క పడవ నీరు నిండినా చాలావరకు అంచుల మట్టాన తేలుతూనే ఉంటాయి. నిటారుగా తేలుతుంటే లోపలే కింద కూర్చుని, చేతులతోనో తెడ్లతోనో మెల్లగా ఒడ్డుకు నడపవచ్చు. బోల్తా పడితే దాని అడుగు మీదకు ఎక్కండి, ఒంట్లో ఎంత భాగం నీటి బయట ఉంటే అంత మంచిది. నీటిలోంచి చూసినప్పుడు ఒడ్డు అసలుకన్నా దగ్గరగా కనిపిస్తుంది. పడవనైతే వెతికేవాళ్లు దూరం నుంచే చూడగలరు, ఒంటరి తల కనిపించదు.

చల్లని నీరైతే 1-10-1 అనే లెక్క గుర్తుంచుకోవాలి. మొదటి ఒక నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడమే పని. తరువాత సుమారు పది నిమిషాలు చేతులు మాట వింటాయి, పైకి ఎక్కడం, కట్టుకోవడం, ఈల వేయడం ఆ వ్యవధిలోనే. చలికి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. మొదటి నిమిషంలో తల నీటిపైన ఉండడం జాకెట్ వల్లనే సాధ్యం. ఎక్కడానికి వీల్లేకపోతే మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, ఇద్దరు ముగ్గురుంటే ఒకరినొకరు హత్తుకుని ఉండండి.

9. తిరిగొచ్చాక

ఏరు దాటాక తెప్ప తగలేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. పడవను ఒడ్డుకు లాగి, అణియం ఎత్తి పెట్టి, బిరడా తీసి, ఎంతసేపు నీరు కారుతుందో చూడండి. వాన లేని రోజున, చేపల తొట్టి చిందులు తప్ప మరేమీ లేనప్పుడు ఒకటి రెండు చెంబులే రావాలి. పోయినసారికన్నా ఎక్కువ వచ్చిందంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసేదాకా మళ్లీ నీటిలోకి దింపకండి. నేనైతే పడవ లోపలి గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి, ఎన్ని చెంబులో రాస్తాను. బిరడా మాత్రం కారడం ఆగగానే తాళంచెవి తాడుకే తిరిగి కట్టేస్తాను.